వజ్రమ్మ కనుబొమ్మ

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచా ముందు నలభై ఏళ్లు నిలబడ్డ మనిషికి చెవులు సగం పోతాయి. కిష్టయ్యకు అలాగే పోయాయి. కండ్లు మాత్రం పోలేదు. తానులో ఎక్కడ ఒక్క పోగు తప్పినా పది అడుగుల అవతలి నుంచే పట్టేస్తాడు. గుడ్డ మంచీ చెడూ చూడాలంటే కార్ఖానా నడిపే ఆసామి ఇప్పటికీ ఆయన్నే పిలుస్తాడు. అలాంటి మనిషి ఒక ఫోను కొనే దగ్గర బోల్తా పడ్డాడు. దుకాణంవాడు మోసం చేశాడనుకునేరు, వాడిది ఇసుమంత తప్పు కూడా లేదు.

ఆయన భార్య వజ్రమ్మ పోయి ముప్పై ఒక్క ఏళ్లయింది. పచ్చకామెర్లు. అప్పటికి కూతురు రమకు ఏడు నెలలు. కిష్టయ్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్క నర్సక్క వచ్చి పిల్లను పెంచింది. వజ్రమ్మకు సంబంధించి ఆ ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ఫొటో. పెళ్లయిన ఏడాది కొండగట్టుకు పోయినప్పుడు, గుట్ట కింద ఒకాయన తెర కట్టి తీసింది. అరచేతిలో పట్టేంత ఫొటో, అందులో చింతగింజంత ముఖం.

ఆ ముఖంలో ఒక గుర్తు ఉంది. కనుబొమ్మ మధ్యలో సన్నటి గాటు. అక్కడ వెంట్రుకలు మొలవలేదు. ఫొటోలో అది గీత కూడా కాదు, గీత ఉందేమో అనిపించేంత. తెలిసినవాడికే కనబడుతుంది, తెలిసినవాడు కిష్టయ్య.

ఎందుకంటే ఆ గాటు ఆయన వల్ల పడిందే. పెళ్లయిన రెండో నెలలో వజ్రమ్మ సద్దిగిన్నె పట్టుకుని కార్ఖానాకు వచ్చింది. కిష్టయ్య ఆమెను చూసి నవ్వాడు. నవ్వుతూ సాంచా ఆపడం మరిచాడు. పేక పోగును మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె దారి తప్పి, ఎగిరి వచ్చి ఆమె ముఖానికి తగిలింది. వేలెడు కిందికి తగిలితే కన్నే పోయేది. నర్సక్క పసుపు అద్దుతూ తమ్ముణ్ని నోటికొచ్చినట్టు తిట్టింది. వజ్రమ్మ మాత్రం ఆ రాత్రి అద్దం చూసుకుని, "పుస్తె అందరు కడుతరు. గిసొంటి గుర్తు ఎవలు పెడ్తరు?" అని నవ్వింది.

ఈ సంగతి కిష్టయ్య కూతురికి ఎన్నడూ చెప్పలేదు. తల్లిని ఎరగని పిల్ల ముందు కూర్చుని, మీ అమ్మ ముఖం పగలగొట్టింది నేనేనమ్మా అని ఏ నోటితో చెబుతాడు? తెలిసిన ఇంకో మనిషి నర్సక్క, కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. ఆ తరువాత ఆ గాటు సంగతి ఎరిగినవాడు ఈ లోకంలో ఆయనొక్కడే అయ్యాడు.

వజ్రమ్మ కూడా ఆయన్ను వదిలిపెట్టలేదు. మధ్యాహ్నం అన్నం తిని తానుల మీద కాసేపు ఒరిగి కన్ను మూస్తే చాలు, కార్ఖానా గడపలో వచ్చి నిలబడేది. సాంచాల చప్పుడులో మాట వినబడదు, పెదవులు మాత్రం కదిలేవి. కిష్టయ్యకు భయం వేసేది కాదు. రానినాడే దిగులుగా ఉండేది.

ఏటా పెత్రమాస అమావాస్యకు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే ముందు ఫొటో తుడిచి, ఆమె నుదుటి మీద కుంకుమ బొట్టు పెట్టేవాడు. ముత్తైదువగా పోయిన మనిషి, బొట్టు లేకుండా ఎలా? ఒక ఏడు అద్దం పగిలింది. కొత్త అద్దం వేయిస్తా వేయిస్తా అంటూ వేయించలేదు. కాగితం మీదే తడిగుడ్డతో తుడిచాడు, కాగితం మీదే బొట్టు పెట్టాడు. అలా పన్నెండేళ్లు చేశాడు. ప్రేమతోనే చేశాడు, ఆ మాట కాదనలేం.

ఈ ఏడు ఎండాకాలం సెలవులకు మనవరాలు శ్రావణి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. గోడ వైపు చూసి, "తాతా, అమ్మమ్మ మొఖం కరిగిపోతుంది" అంది.

కిష్టయ్య ఫొటో దింపి వెలుతురులోకి తెచ్చాడు. నుదురు తెల్లబడి పోయింది. కనుబొమ్మలు రెండూ రాలిపోతున్నాయి. వాటిలో ఒకదాని మీద గాటు తాలూకు ఛాయ ఒకటి, ఊదితే పోయేటట్టు మిగిలి ఉంది. కుడిదా ఎడమదా అని ఆయన ఆలోచించలేదు. అంత తెలిసిన సంగతిని ఎవరైనా ఎందుకు ఆలోచిస్తారు?

మరునాటి మధ్యాహ్నం వజ్రమ్మ గడపలోకి వచ్చింది. ఆమెకు ముఖం లేదు. చీర ఉంది, చేతిలో గిన్నె ఉంది, ముఖం ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. కిష్టయ్య కేక పెట్టి లేచాడు. పక్క సాంచా మీది సమ్మయ్య పరుగెత్తుకొచ్చి నీళ్లు తాగించాడు.

"స్టూడియోల ఇయ్యరాదే, కంప్యూటర్ల మంచిగ జేస్తరు" అన్నాడు సమ్మయ్య.

"మీ నాయిన ఫొటో జేసినట్టేనా?" అన్నాడు కిష్టయ్య.

సమ్మయ్య తన సాంచా దగ్గరికి పోయాడు. జన్మలో చొక్కా గుండీలు పెట్టుకోని వాళ్ల నాయినకు స్టూడియోలో కోటు తొడిగారు, టై కట్టారు, బుగ్గలకు రంగేశారు. సంవత్సరీకానికి వచ్చినవాళ్లు ఎవరాయన అని అడిగి పోయారు. వజ్రమ్మ ముఖం మీద ఎవడి చెయ్యీ పడకూడదు. ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి, తానే తీసుకోవాలి. కిష్టయ్య పట్టుదల అది. ఆయన చేతిలో ఉన్న పాత ఫోనుతో తీస్తే ముఖం బూడిద ముద్దలా వచ్చింది. మంచి కెమెరా ఉన్న ఫోను కావాలి.

రమ కోరుట్లలో ఉంటుంది. ఆమె భర్త ధనుంజయ్ దోస్తు జహీర్‌కు జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పైసలు కూడేసరికి పెత్రమాస దగ్గరికొచ్చింది. కిష్టయ్య బస్సెక్కి అక్కడికి పోయాడు.

"కాకా, ఇది నూటెనిమిది మెగాపిక్సెల్. ఇది రెండు వందలు. సెల్ఫీ గిట్ల ఎక్కువ దిగుతవా?" అన్నాడు జహీర్.

"నేను దిగుడు కాదుర అయ్యా" అంటూ కిష్టయ్య జేబులోంచి మడత పెట్టిన గుడ్డముక్క తీశాడు. "దీన్ని తియ్యి. ప్రతి ఫోనుతోని తియ్యి."

జహీర్ నవ్వు ఆపుకున్నాడు. ఫోను కొనవచ్చినవాళ్లు వీధి తీస్తారు, సీలింగ్ ఫ్యాను తీస్తారు, తమ మూతి తీసుకుంటారు. గుడ్డముక్క తెచ్చినవాడు ఇంతవరకు తగల్లేదు. అయినా దోస్తుకు మామ, పెద్దమనిషి, పైగా బేరం. తీశాడు.

మొదటి ఫోనులో గుడ్డ తెల్ల కాగితంలా వచ్చింది. "గీ దాంట్ల పోగే లేదు" అని పక్కన పెట్టాడు కిష్టయ్య. రెండో దాంట్లో పోగులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. మూడోది అన్నింటికంటే ఖరీదైంది. అందులో పడుగు పడుగుగా, పేక పేకగా, దేనికది విడివిడిగా కనబడ్డాయి. కిష్టయ్య తెర మీద గోరు పెట్టి లెక్కపెట్టాడు. లెక్క కుదిరింది. ముఖం వికసించింది.

"మసక గిట్ల ఉంటే అదే సాఫ్ జేస్తది కాకా, మస్తు తెలివైంది" అన్నాడు జహీర్.

"గదే గావాలె" అన్నాడు కిష్టయ్య.

సరిగ్గా ఇక్కడే దెబ్బ తిన్నాడు. ఆ గుడ్డముక్క పోగు తప్పిన తానులోంచి కోసింది. తప్పిన చోటు మధ్యలోనే ఉంది. మామూలు మనిషైతే ఆ తప్పు ఫొటోలో పడిందా లేదా అని చూసేవాడేమో. నలభై ఏళ్లుగా తప్పు లేని గుడ్డ కనబడితే సంతోషపడటం అలవాటైన మనిషి, తప్పు లేని గుడ్డను చూశాడు, సంతోషపడ్డాడు. పోగులన్నీ లెక్కకు సరిపోయాయి, అవి సరిపోకూడదన్న సంగతి తట్టలేదు.

ఇంటికొచ్చి వాకిట్లో తెల్ల గుడ్డ పరిచి, దాని మీద ఫొటో పెట్టి, ఊపిరి బిగబట్టి తీశాడు. తెర మీద ఒక్క క్షణం మసగ్గా ఉంది. మరుక్షణం, లోపల ఎవరో తుడిచినట్టు, తేటపడింది. వజ్రమ్మ కండ్లు నేరుగా ఆయన్ను చూశాయి. కిష్టయ్యకు ఏడుపు ఆగలేదు. ఆ కన్నీళ్లలోంచి ఆమె కండ్లు తప్ప ఇంకేం చూశాడు ఆయన?

ఫొటో రమకు పంపాడు. అయిదు నిమిషాల్లో ఆమె ఫోను చేసింది.

"బాపూ, అమ్మను గింత మంచిగ నేను ఎన్నడు జూడలే. పెద్దగ జేపిచ్చి గోడకు పెట్టుకుంట. పెత్రమాస నాడు నువ్వు రావాలె."

"వస్త బిడ్డా."

"ఇగ ఆ పాతది ఇంట్ల ఉంచకు. చెడిపోయిన ఫొటో ఉంచద్దంటరు గద. మానేరుల ఇడువు."

అది అందరూ చేసేదే. పగిలిన దేవుడి పటాలను, పోయినవాళ్ల చెడిపోయిన ఫొటోలను ఇంట్లో పెట్టుకోరు, నీళ్లలో వదిలేస్తారు. కిష్టయ్యకూ సబబే అనిపించింది. ముఖం ఫోనులో భద్రంగా ఉందిగా. పెత్రమాస పొద్దున పురోహితం చేసే అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చి, మానేరు ఒడ్డుకు పోయి మోకాలి లోతున దిగి ఫొటోను వదిలాడు. అది వెల్లకిలా కొంచెం దూరం పోయింది. తరువాత అంచు నీళ్లు తాగి ఒరిగి మునిగింది. దండం పెట్టుకుని, తడి పంచెతోనే బస్టాండుకు నడిచాడు.

కోరుట్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హాల్లో ఎదురుగా నిలువెత్తు చట్రం, బంతిపూల దండ. పక్కింటివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చూస్తున్నారు. "అచ్చం శ్రావణి లెక్కనే ఉంది" అంటోంది ఒకామె. రమ ముఖంలో, తల్లి లేని పిల్ల ముఖంలో, ఎన్నడూ చూడని వెలుగు ఉంది.

కిష్టయ్య గోడ ముందు నిలబడ్డాడు.

కండ్లు వజ్రమ్మవే. ముక్కు ఆమెదే. ఆ పైన రెండు కనుబొమ్మలు, నల్లగా, నున్నగా, పార్లర్‌లో దిద్దినట్టు జంటగా ఉన్నాయి. గాటు లేదు. ఎక్కడా లేదు. వజ్రమ్మ కండ్లలోంచి వేరే ఎవరో ఆయన్ను చూస్తున్నారు.

జేబులోంచి ఫోను తీశాడు. అందులోని ఫొటోను వేళ్లతో పెద్దది చేశాడు. అక్కడా అంతే. వెనక్కి జరిపితే, జగిత్యాలలో తీసిన గుడ్డ వచ్చింది. తాను కోసిన గుడ్డ, తాను తెచ్చిన తప్పు. తెర మీద ఏ పోగూ తప్పలేదు. లేని పోగును ఫోనే నేసి పెట్టింది. కనుబొమ్మలను కూడా అదే నేసింది. కిష్టయ్య అక్కడే నేల మీద కూలబడ్డాడు.

పక్కింటివాళ్లు మెల్లగా వెళ్లిపోయారు. రమ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఏమైంది బాపూ?"

"గీమె మీ అమ్మ గాదు బిడ్డా."

రమ ముఖం మాడిపోయింది. "గట్లనకు బాపూ. నాకు ఇన్నేండ్లకు కనపడ్డది. నువ్వన్న ఆమెను చూసినవు. నేను జూడలే."

ఆ మాటకు కిష్టయ్య గుండె చెరువైంది. ముప్పై ఏళ్లుగా దాచింది ఇక దాచలేకపోయాడు. సద్దిగిన్నె తెచ్చిన రోజు, తాను నవ్వడం, సాంచా ఆపకపోవడం, నాడె ఎగరడం, నర్సక్క తిట్లు, అద్దంలో చూసుకుని ఆమె అన్న మాట అన్నీ చెప్పాడు. "నేనే కొట్టిన బిడ్డా. నేనే మల్ల తుడిచి తుడిచి ఆ గుర్తును పోగొట్టిన" అని బిడ్డ ముందు తల వంచాడు.

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది కూడా. రమ గోడ మీది ఫొటో వైపు చూసింది. చివరికి కొంగుతో కండ్లు తుడుచుకుని తండ్రి చెయ్యి పట్టుకుంది.

"గుర్తు అని అమ్మనే అన్నదా?"

"అన్నది."

"మరి అమ్మకు ఇష్టమున్నదాన్ని మనం ఎందుకు పోగొట్టాలె? లే. ఫ్రేమ్ కట్టినాయనతోని చెప్పి, ఉన్నకాడ ఉన్నట్టు సన్నగ గీయిస్త. అప్పుడు అమ్మనే అయితది. ఏ కన్ను మీద బాపూ?"

కిష్టయ్య లేచి చట్రం దగ్గరికి పోయాడు. చెయ్యి ఎత్తాడు. వేలు ఒక కనుబొమ్మ దాకా పోయి ఆగింది. అక్కడి నుంచి రెండో దాని మీదికి జరిగింది. అక్కడా ఆగింది.

ఆమె ఏ వైపు నుంచి వచ్చింది? గడప వైపు నుంచి. తాను ఎటు తిరిగి ఉన్నాడు? ఆమె వైపే. నాడె ఎటు నుంచి వచ్చింది? నాడె అటూ పోతుంది, ఇటూ వస్తుంది. పోనీ ఫొటో. ఫొటోలో ఏ పక్కన ఉండేది? పన్నెండేళ్లు కాగితం మీదే తుడిచాడే, వేలికి కూడా గుర్తు లేదా? అడగడానికి నర్సక్క లేదు. చూడటానికి కాగితం లేదు. పొద్దున్నే, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తన చేతులతోనే వదిలేశాడు.

కండ్లు గట్టిగా మూసుకున్నాడు. వజ్రమ్మ వెంటనే వచ్చింది. ముఖం ఉంది. ఇంత స్పష్టంగా ఎన్నడూ కనబడలేదు. రెండు కనుబొమ్మలూ నల్లగా, నున్నగా, జంటగా ఉన్నాయి.

"చెప్పు బాపూ" అంది రమ, "ఏ దిక్కు?"

కిష్టయ్య బిడ్డ వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు.