మమ్మీ నుదురు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో ఈజిప్టు మమ్మీల గురించి పత్రికలో చదువుతున్నాను. పక్కసీటులో బజ్జీలు తింటున్న ముసలామె బొమ్మ చూసి, "ఏందప్పా అది?" అంది.

"వేల ఏళ్ళ నాటి శవం అవ్వా. కుళ్ళకుండా ఏమేం పూశారో ఇప్పుడు పరీక్షలు చేసి కనిపెట్టారు. తేనెమైనం, బోళమనే వాసన బంక, నూనెలు."

"బోళమా? సిలువ మీంచి దించినాక మా ప్రభువుకూ అదే పూసినారు."

బజ్జీల పొట్లం మడిచి అంది. "ఊరి కక్షల్లో నా కొడుకును బాంబులేసి సంపినారప్పా. పార్టీ నాయకుడొచ్చి చూసేదాకా ఐసుగడ్డల మీద పండబెట్టి, జెండా కప్పినారు. తలకు నూనె బెట్టి నీళ్ళు పోస్తానంటే నన్ను దగ్గరికి రానీలేదు."

పత్రిక ఆమె ఒళ్ళో పెట్టాను. మమ్మీ నుదుటిని మెల్లగా నిమిరింది.

"అయ్యో, బజ్జీల చెయ్యప్పా" అంటూ కొంగుతో తుడిచి ఇచ్చేసింది.

నూనె మరక పోలేదు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.