బెల్లం మార్కెట్లో పులిహోర తిన్న ఓటరు

ముందే చెప్పేస్తున్నాను. నా మాటల్లో కొంత తగ్గించుకుని వినాలి. మా ఇంట్లో బొద్దింక కనిపించినా దాన్ని తాబేలంత చేసి చెప్పే మనిషిని నేను.

కేబుల్ టీవీలో రోజుకో కొత్త ఛానెల్ పుట్టుకొస్తున్న కాలం. అలాంటి ఒకదాంట్లో, ఆదివారం జనం అన్నాలు తినే వేళకి ఒక రాజకీయ సీరియల్ వచ్చేది. రాష్ట్రం మొత్తం మీద దాన్ని చూసేవాళ్లం ఇద్దరమే. తీసినాయన, నేను. ఓటర్లను అన్నం పొట్లాలకు కొనేసే మంత్రి కథ అది. నాకు తెగ నచ్చేసింది, ఎందుకంటే ఆ కథంతా నా ఉపన్యాసమే.

తుమ్మపాలలో మామగారింటికి వెళ్లినప్పుడల్లా ఆ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. పార్టీ లారీ ఎక్కి, వాళ్ల పొట్లం తిని వచ్చాక, మా ఊరికి రోడ్డెందుకు వెయ్యలేదని ఏ మొహంతో అడుగుతారు అని. మామగారు చెరుకు రైతు. విని ఊరుకోలేదు, పాటించారు. కిందటి ఎన్నికలకి ఊళ్లో మగవాళ్లంతా లారీ ఎక్కితే ఆయనొక్కరే చేలోకి వెళ్లిపోయారు. "అల్లుడుగారు సెప్పేరని ఈయన మీటింగులు మానేసేడ్రా" అని టీ కొట్టు దగ్గర నవ్వారట. కొందరు పలకరించడం కూడా మానేశారట. ఆయన చేసిందే సరైనదని టీవీ చేత కూడా చెప్పించాలనిపించింది.

అందుకే ఒక ఆదివారం వాళ్లింట్లోనే ఆయన్ని కూర్చోబెట్టి మరీ ఆ సీరియల్ పెట్టాను. పక్కన మా బావమరిది. వంటింటి గుమ్మంలో మా ఆవిడ. తెరమీద మంత్రి మైకు పట్టుకున్నాడు.

"ఓలమ్మ, ఇది మన బెల్లం మార్కెట్టే బావా" అన్నాడు బావమరిది.

నాకప్పుడు గుర్తొచ్చింది. ఏడాది కిందట ఇంట్లోకి బెల్లం కొనడానికి మార్కెట్టుకు వెళ్తే అక్కడ షామియానా, జెండాలు, మైకులు. ఎవరో కొత్త పార్టీవాళ్లనుకున్నాను. కెమెరా మన కేబుల్ వాళ్లదనుకున్నాను. ఎండగా ఉందని నీడన కూర్చున్నాను. అందరూ జై అంటే జై అన్నాను. పులిహోర పంచుతుంటే చెయ్యి చాపాను. అది షూటింగని ఒక్కరూ చెప్పలేదు.

ఇప్పుడా కెమెరా జనాన్నందరినీ దాటుకుని నా దగ్గరికే వచ్చింది. ఇరవయ్యొక్క అంగుళాల టీవీలో నా మొహం ముప్పై అంగుళాలుంది. ఒక పొట్లం నోటి దగ్గర, రెండోది చొక్కాలోకి దూరుస్తున్నాను. వెనకనుంచి మంత్రి గొంతు: "ఇలాంటోళ్లు ఊరికి పదిమందుంటే మనకు తిరుగులేదు."

"ఆడు అచ్చం నీలాగున్నాడేటి బావా?"

"మార్కెట్లో అలాంటి మొహాలు బోలెడుంటాయి" అన్నాను.

"మొహం సంగతి నాకు తెల్దు గానీ, సొక్కా మాత్రం నేను ఉతికిందే" అంది మా ఆవిడ.

బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. మామగారు నవ్వలేదు. "బాబూ, ఆ రెండో పొట్లం ఎవులికి?" అన్నారు.

"మీ అమ్మాయికే" అన్నాను.

"నాకేటీ తేలేదు నానా" అంది ఆవిడ.

ఇందులో నేను కల్పించిందేదో చెప్పేస్తాను. మొహం కొలత కాస్త పెంచానని మీకు తెలిసే ఉంటుంది. రెండో పొట్లం నిజం. మామగారి ప్రశ్నే అబద్ధం. దానికి నా జవాబూ, మా ఆవిడ ఆఖరి మాటా కూడా నేను అల్లుకున్నవే. ఆయన అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి బయటపడేవాణ్ణి. ఆయన లేచి టీవీ కట్టేసి, "రండి బాబూ, అన్నాలు సల్లారిపోతన్నాయి" అన్నారు, అంతే. కంచం ముందు తలెత్తలేకపోయాను. బాబుకి ఇంకొంచెం వడ్డించమని ఆయనే కూతురికి చెప్పారు.

ఆ తర్వాత తుమ్మపాలలో నేను రాజకీయం ఎత్తలేదు. మళ్లీ ఎన్నికలొచ్చాయి, లారీ వచ్చింది. ఆయన ఎక్కలేదు.