మేస్త్రీ గీసిన మొదటి మెట్టు

మా మేస్త్రీ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో ఒక స్లాబు మీద కడ్డీలు కడుతున్నాను. నేను యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదువుతున్నాననే అనుకుంటూ పోయాడాయన. ఆ అబద్ధం నాది.

పదో తరగతి అయ్యాక ఆదోనిలో ఆయన దగ్గరే పనికి చేరాను. ఇంజనీరు పారేసిన ప్లాన్లు ఏరుకుని నాకు నేనే గీతలు నేర్చుకుంటుంటే చూసి, "సిమెంటు మోసేదానికి నేనుండా. నువ్వు పోయి సదువుకోప్పా" అని వెంటపడ్డాడు. ఇంటరు ప్రైవేటుగా రాశాను. సీటొచ్చింది.

పొగడటం ఆయనకు రాదు. గోడ వంకరపోతే "ఏమప్పా, గోడకు నిద్దరొస్తాందా?" అనేవాడు. మెట్ల దగ్గర మాత్రం ఒకటే మాట: "నీ కాలికి కొలవద్దు. ఆ ఇంట్లో ముసలామె మోకాలికి కొలువు."

ఆయన ఇంటికే మెట్లు లేవు. మిద్దె మీదికి నిచ్చెన. మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ, అంటే ఆయన భార్య, మిద్దెక్కడం ఎప్పుడో మానేసింది. నేను కాలేజీకి బయల్దేరిన రోజు ఆమెను గోడ పక్కన నిలబెట్టి, నొప్పి లేకుండా పాదం ఎత్తగలిగినంత ఎత్తున బొగ్గుతో గీత గీశాడు.

"మొదటి మెట్టు నాది. మిగతావి నువ్వు గీసుకోని రా. అంతదాకా కట్టను."

"అంతదాకా నన్ను కిందనే ఉండమంటావా?" అని నవ్వింది పెద్దమ్మ.

రెండో ఏడు మా పల్లె మట్టిమిద్దెను గీసుకుపోతే, లెక్చరర్ షీటు పక్కకు తోసి "ఇది మేస్త్రీ పని, డిజైన్ కాదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. షీటు చించేసి వచ్చేశాను. నా కోపం సరైనదే, ఇప్పటికీ అంటాను. ఆ కోపంతోనే పోయి మేస్త్రీ ముందు నిలబడాల్సింది. పక్క ఊళ్లోనే దాక్కున్నాను.

ఫోను చేసినప్పుడల్లా "గీస్తాండావా?" అనేవాడు.

"గీస్తాండాను మేస్త్రీ."

నాలుగు మెట్లు గీయడానికి కాలేజీ ఎందుకు? మధ్యాహ్నం అన్నం తినే వేళలో గీసేయగలను. గీస్తే తీసుకుపోయి ఇవ్వాలి. ఇస్తే నిజం చెప్పాలి. అందుకే గీయలేదు.

మట్టి వేసి వచ్చాక పెద్దమ్మ నా అరచేతుల్లో కాయలు తడిమింది. "గీసేటోళ్లకు గూడా ఇట్ల కాస్తాయా అప్పా?" అంది. తల తిప్పుకుంటే గోడ కనిపించింది. ఉగాదికి సున్నం కొట్టినట్టున్నాడు, ఇల్లంతా తెల్లగా ఉంది. ఆ బొగ్గు గీత చుట్టూ మాత్రం జానెడు పాత గోడ అలాగే వదిలేశాడు.