కచేరీ చావడిలో తూర్పు దిక్కు

మా ముత్తాతగారు మొఖాసాదారు, చుట్టుపక్కల ఊళ్ళ శిస్తు ఆయనకే వచ్చేది. మా తాతగారి హయాంలో తిరువూరు వచ్చిన ఏ తహసీల్దారైనా మా కచేరీ చావడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి పైకి వచ్చేవాడు. చావడిలో పడమటి గోడకు ఆనించి, తూర్పు ముఖంగా, తాతగారి టేకు కుర్చీ ఉండేది. అందులో మా వంశంలో పెద్దవాడే కూర్చోవాలి. కూర్చున్నవాడు ఎవరి కోసమూ లేవకూడదు. డెబ్బయ్యో దశకం వచ్చేసరికి మాకు భూములు లేవు, కుర్చీ ఉంది. నాన్నగారు అందులో కూర్చునేవారు.

ఆ రోజుల్లో రెడ్డిగూడెం దారిలో ఒక జర్మనీ దొర మామిడి రసం డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ నడిపేవాడు. తెలుగు తోటల్లో కూలీల దగ్గర నేర్చుకున్నాడు. పెళ్ళి లేదు, బంధువులు లేరు. ఉన్నదల్లా రహస్య సోదర సంఘాలే. మద్రాసులో, బొంబాయిలో, ఎక్కడ సంఘం ఉంటే అక్కడ సభ్యుడు. తిరువూరులో కూడా ఒకటి పెడతానని మా చావడి అడగడానికి వచ్చాడు.

"నేను పోతే మొయ్యడానికి అన్నదమ్ములు ఉండాలి కదండీ. మా సంఘాల్లో అధ్యక్షుడి చోటు తూర్పు. అక్కడ మీరే కూర్చోండి," అన్నాడు.

"మా కుర్చీ పడమట ఉంది. కదలదు," అన్నారు నాన్నగారు.

అయితే చావడి లోపల మాత్రం పడమరనే తూర్పు అందామన్నాడు దొర. నాన్నగారు అధ్యక్షులయ్యారు.

లోపలి ప్రమాణాలు నేను చెప్పను. మనుషులు చాలక నన్నూ చేర్చుకున్నారు, మాట ఇచ్చాను. కుర్చీ మాది కనుక కుర్చీ సంగతి చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం తలుపులు మూసి, నడుముకు ముందువైపు తెల్ల తోలు ముక్కలు కట్టుకుని కూర్చునేవాళ్ళం. చేతిలో బైబిలు తప్ప మరొకటి ఎరగని బడి మేష్టారు మా తాతగారి కత్తి పట్టుకుని గుమ్మం కాసేవారు.

"వంటవాళ్ళలా ముందు గుడ్డలు కడతారు, వాసన మాత్రం రాదు. ఏం వండుతున్నారండీ లోపల?" అని వీధిలోవాళ్ళు అమ్మను అడిగేవారు.

"ఉడికాక చెబుతాలెండి," అనేది అమ్మ.

ఏడాది తిరిగింది. అధ్యక్ష పదవి ఏడాదికొకరిదట. నాన్నగారు అది వంశపారంపర్యం అనుకున్నారు. అందులో తప్పు లేదు, మా ఇంటికి ఏ పదవీ మరోలా రాలేదు. ఓట్లు వేస్తే, మాతోపాటు చేరిన లారీల యజమాని సాయిబుగారు గెలిచారు.

"లేవండి అన్నగారూ, తమ్ముణ్ణి కూర్చోబెట్టాలి," అన్నాడు దొర.

"ఈయన నాకు తమ్ముడెప్పుడయ్యాడు?"

"పోయిన ఆషాఢంలోనండి. ప్రమాణం చేశారుగా."

సాయిబుగారు నవ్వారు. "వదిలెయ్యండి దొరగారూ. ఆయన లేస్తే వెనక గోడ పడిపోద్దేమో!"

"తూర్పు కావాలంటే తీసుకెళ్ళండి. కుర్చీ కదలదు, నేనూ లేవను," అన్నారు నాన్నగారు.

దొర ముఖం వెలిగిపోయింది. అందరం బెంచీలు ఎత్తి అటు తిప్పాం. అసలు తూర్పే మళ్ళీ తూర్పయింది. సాయిబుగారు అక్కడ ఇనప కుర్చీలో కూర్చున్నారు. పడమట కూర్చున్నవారికీ ఒక అధికారం ఉందని దొర చెప్పాడు. సభ ముగించి సోదరులను ఇళ్ళకు పంపేది ఆయనేనట. నాన్నగారికి అది నచ్చింది. అయితే లేచి నిలబడి ముగించాలట.

నాన్నగారు లేవలేదు.

ముగియని సభలోంచి వెళ్ళిపోవడం నియమానికి విరుద్ధం. తమ ఊరు నెమలికి వెళ్ళే బస్సు పోయిందని మేష్టారు గొణిగారు. చివరికి కాఫీ తాగి వస్తామంటూ ఒక్కొక్కరం బయటపడ్డాం. ఆ తర్వాత కొత్త సభ తెరవడానికి వీల్లేకపోయింది, పాతది నడుస్తోంది కదా. అందరూ మానేశారు. దొర మాత్రం ప్రతి ఆదివారం వచ్చి, తోలు ముక్క కట్టుకుని, నాన్నగారికి ఎదురుగా కూర్చుని, కాఫీకని చెప్పి వెళ్ళేవాడు.

కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ మూతపడింది. దొరకు జబ్బు చేసింది. మద్రాసు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి సాయిబుగారు కారు తెచ్చి మా వాకిట్లో ఆపారు. దొర గోడ పట్టుకుని చావడి మెట్లెక్కాడు.

"ఈసారి కాఫీకని చెప్పలేనండి అన్నగారూ. సభ ముగించండి. సభ మధ్యలో లేచి వెళ్ళినవాణ్ణి మద్రాసు అన్నదమ్ములు మొయ్యరు."

నాన్నగారు లేచారు. మా వంశంలో ఒకరి కోసం ఆ కుర్చీలోంచి లేవడం అదే మొదలు. చేతికర్రతో నేలను కొట్టి, సభ ముగిసిందనీ సోదరులు ఇళ్ళకు వెళ్ళవచ్చనీ అన్నారు. దొర తోలు ముక్క విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"వస్తానండి," అన్నాడు.

రాలేదు. మద్రాసులో దొరను సోదరులే మోశారని సాయిబుగారు తిరిగొచ్చి చెప్పారు.

నాన్నగారు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆ వేసవిలో దాన్ని సాయిబుగారికి అమ్మాం. తలుపులో పట్టకపోతే ద్వారబంధం ఊడదీయాల్సి వచ్చింది. ద్వారబంధాన్ని కట్టెల అడితికి అమ్మేశాం.