తొంభై ఎనిమిది డిగ్రీలు

మహదేవపూర్‌కు మా వరద సహాయ దళం చేరింది శ్రావణంలో ఒక మంగళవారం, ఉదయం ఆరు నలభైకి. మూడు లారీలు, నాలుగు పడవలు, ముప్పై రెండు మంది. వాన ఆగలేదు. గోదావరి పొలాల మీదికి వచ్చి అప్పటికే రెండు రోజులు. మాకిచ్చిన చోటు పత్తి కొనే యార్డులో ఒక గది. రేకుల కప్పు, ఒక్క కిటికీ. అందులో నా డ్యూటీ ఒక రేడియో సెట్టు, ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్.

మా ఊళ్లో అందరూ అడుగుతారు, పడవలో ఎంతమందిని కాపాడావని. నేను పడవే ఎక్కలేదు, కుర్చీలో కూర్చున్నాను. నీళ్ల కింద ఏ బాట ఉందో, ఏ కాలువ గట్టు ఉందో, ఎక్కడ కరెంటు తీగలు ఉన్నాయో చూపే మ్యాప్ ఆ కంప్యూటర్‌లోనే ఉంది. మా పడవలు అందులో చుక్కల్లా కనిపించేవి. ఎటు తిరగాలో నేను చెప్పాలి. కాగితం మ్యాప్ కూడా ఉంది గానీ, కొత్త కాలువలు అందులో లేవు.

మూడో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. మూత తీశాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ నిండా దూది. రెక్కలు కదలడం లేదు. బేస్‌లో ఉన్న టెక్నీషియన్ సెట్టులో చెప్పాడు: "ఫ్యాన్‌తో సహా కూలర్ మొత్తం మార్చు. ప్రాసెసర్ మీది పాత పేస్టు తుడువు. బియ్యపు గింజంత కొత్తది పెట్టు. బిగించు." భూపాలపల్లి నుంచి లారీ కొత్త కూలర్ తెచ్చేసరికి పదకొండు పది. చెప్పినట్టే చేశాను. ఇరవై నిమిషాల్లో కంప్యూటర్ లేచింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

పదకొండు నలభైకి ఒక రైతు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. వానకు యూరియా సంచి తల మీద కప్పుకున్నాడు.

"సార్, మా అవ్వ కొట్టం మీద ఉన్నది. ఎడ్లను ఇడిశి రానన్నది. జర పడవ పంపుండ్రి."

రెండో పడవ బయలుదేరింది. రైతును ఎక్కించుకోలేదు. బయటివాళ్లు వద్దని ఆర్డరు. పడవ కమాండర్ హవల్దార్‌ది పెద్దవంగర, నాది నర్మెట్ట. సెట్టులో మన ఊళ్ల మాటే మాట్లాడుకునేవాళ్లం.

మ్యాప్ తెరిచాను. తెర మూలన ప్రాసెసర్ వేడి కనిపిస్తోంది. డెబ్బై. ఎనభై ఐదు. తొంభై ఎనిమిది. ఆరు నిమిషాలకు తెర నల్లబడింది.

"తమ్మీ, ఎటు తిరగాలె?" హవల్దార్ గొంతు.

"ఆగన్నా. మిషన్ వేడెక్కింది."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

తోవ చెప్పమని సెట్టు రైతు చేతికిచ్చాను. "ఎల్లమ్మ గుడి కాడ ఎడమకు" అన్నాడు.

"గుడేది బాపు? గీడ అంత నీళ్లే" అన్నాడు హవల్దార్.

పది నిమిషాలు చల్లార్చడం, ఆరు నిమిషాలు నడపడం. అందులో మ్యాప్ తెరుచుకోవడానికే నాలుగు పోయేవి. నీళ్లలో తీగలున్నాయన్న భయంతో పడవ ప్రతిసారీ ఉన్నచోటే ఆగేది.

"గిది సల్లవడితె పడవ పోతదా సార్?" అని రైతు అడిగాడు. పోతుందన్నాను. ఆయన కూలర్ వచ్చిన అట్టపెట్టెను చింపి, మోకాళ్ల మీద కూర్చుని ప్రాసెసర్‌కు విసరడం మొదలుపెట్టాడు.

ఒంటిగంట యాభై రెండుకు సెట్టు పలికింది. "జాగ కాడికి వచ్చినం. కొట్టం లేదు తమ్మీ. ఎడ్లు లేవు. ఎవ్వరు లేరు."

మర్నాడు ఉదయం టెక్నీషియన్ వచ్చాడు. కూలర్ విప్పి దాని అడుగు నాకు చూపించాడు. రాగి పలక మీద పలుచని ప్లాస్టిక్ పొర. "ఇది తీయలేదా?" అన్నాడు. తీయలేదు. నాకు కనిపించింది, వేలికి కూడా తగిలింది. మా ఇంట్లో ఫ్రిజ్ కొని ఏడేళ్లయినా తలుపు మీది పొర అలాగే ఉంది. పీకితే కొత్తది పాతదవుతుందని మా నాయిన తిట్టేవాడు. ఆ బుద్ధితోనే నేను దాన్ని భద్రంగా ఉంచాను. ప్రాసెసర్ వేడి కూలర్‌లోకి ఎక్కకుండా నేనే అడ్డం పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. టెక్నీషియన్ పొర ఒలిచి జేబులో వేసుకుని, రిపోర్టులో ఫ్యాన్ లోపం అని రాశాడు. నేను కాదనలేదు. అది నా రెండో తప్పు.

తొమ్మిదో రోజు అక్కడి నుంచి వెనక్కి వచ్చాం. రెండేళ్లకు సర్వీసు ముగించుకుని జనగామ స్టేషన్‌లో దిగాను. ఊళ్లో శాలువా కప్పారు. వరదలో ప్రాణాలు కాపాడిన బిడ్డ అని మైకులో పొగిడారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆ ముసలమ్మను ముంచింది గోదావరి ఒక్కటే కాదు.

ఆ రోజు ఎవ్వరు లేరన్న హవల్దార్ మాట రైతు కూడా విన్నాడు. సెట్టు ఆయన పక్కనే ఉంది. నేను తల దించుకున్నాను. అట్ట చప్పుడు మాత్రం ఆగలేదు. ఆయన మోకాళ్ల మీదే ఉన్నాడు, విసురుతూనే ఉన్నాడు.

"ఇగ సాలు బాపు" అన్నాను.

నా వైపు చూడలేదు.

"జర సల్లవడనియ్యి సార్. మల్ల జూద్దాం" అన్నాడు.