మా సీరియల్‌ను సినిమా తీస్తున్నారట

ఈ రోజు మధ్యాహ్నం పోర్టు క్యాంటీన్‌లో గొడవ పెట్టుకున్నాను. మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్న టీవీలో వచ్చిన సముద్రపు దొంగల సీరియల్‌ను ఇప్పుడు సినిమాగా తీస్తున్నారట. అందులో ఫారిన్‌లో తీసిన పాటలు కూడానట. నాకు ఒళ్లు మండిపోయింది.

"మన సిన్నతనాన్ని అమ్ముకుంతన్నారు. ఒక్కడు కూడా సూడకండి" అని బల్ల గుద్ది చెప్పాను. అందరూ సరేనన్నారు. మా వీధి వెనక జాలరిపేటలో పెరిగి, ఇప్పుడు నాతోనే పనిచేస్తున్న నూకరాజు మాత్రం అన్నం కలుపుతూ, "నాను సూత్తాను బావ" అన్నాడు.

"సిగ్గు నేదేట్రా?"

"నువ్వు ఇంట్లో కూకుని సూసినావు. నాను మీ కిటికీ కాడ నిలబడి సూసినాను. ఆకరి వారం సేపల కంపు కొడతన్నాదని మీ అమ్మ కిటికీ ఏసీసింది. కత ఏటయిందో నాకు ఇప్పటికీ తెల్దు. టికెట్టు కొనుక్కుని కుర్సీలో కూకుని సూత్తాను. ఒద్దంటావేటి?"

ఆ కిటికీ మూసింది అమ్మ కాదు, నేనే.

సినిమావాళ్లను అరగంట తిట్టిన నోటికి ఈ ఒక్క మాట రాలేదు. చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయాను. వాడు ఇన్నేళ్లుగా మా అమ్మే మూసిందనుకుంటున్నాడు. రేపు మళ్లీ వాడి ఎదురుగా కూర్చుని తినాలి. మీరైతే చెప్పేస్తారా?