వరద తీసిన తర్వాతి ఎండ

పోయిన ఆదివారం పొద్దున ఊరి నుంచి నాన్న ఫోన్ చేసి, "మీ బోటనీ మేడం పోయింది బిడ్డా" అన్నాడు. ఆమె నాకు భద్రాచలం కాలేజీలో మూడేళ్లు పాఠం చెప్పింది. నాన్నకు ఒక్కసారే చెప్పింది.

మేడం గొంతు పెంచేది కాదు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేది కాదు. ఆకు కణంలోని క్లోరోప్లాస్టు బొమ్మ గీసి, ఎండ ఎక్కువైతే అక్కడి ఆక్సిజన్ ఎట్లా చురుకెక్కి, తానున్న ఇంటినే కాలుస్తుందో చెప్పేది. "కొంచెముంటే మొక్కకు అది జాగ్రత్త చెప్పే కబురు. ఎక్కువైతే నిప్పు" అనేది. పరీక్ష కోసం రాసుకున్నానే గానీ, మా ఇంటికి దానితో ఏం పని అనుకున్నాను.

రెండో సంవత్సరంలో గోదావరి మా వరి నారుమడిని ముంచింది. అయిదో రోజు వరద తీసింది, మబ్బు విడిచింది. నారు పచ్చగానే ఉందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. మర్నాడు కాలేజీలో ఆ మాట చెబితే మేడం నవ్వలేదు. మధ్యాహ్నం బస్సుకే నాతో మా ఊరు వచ్చింది.

నీళ్ల కింద ఊపిరాడని నారుకు ఒక్కసారిగా గాలీ ఎండా తగిలితే ఆకు లోపలే మంట పుడుతుందని, నాలుగు రోజులు నీడ కట్టమని నాన్నకు చెప్పింది.

"ఎండ లేకుంటే నారెట్ల బతుకుతది మేడం?"

"ఎండ కావాలె అన్నా. ఇయ్యాల మాత్రం వద్దు. ముందు దానికి సత్తువ రానియ్యి."

నాన్న నమ్మలేదు. కానీ అంతదూరం వచ్చిన మనిషి మాట తీసెయ్యలేక వెదురు బొంగులు పాతాడు. అమ్మ పాత చీరలు తెచ్చింది. అవి మడి మొత్తానికి చాలలేదు.

నాలుగో రోజు మేడం మళ్లీ వచ్చింది. కప్పని వైపు నారు తెల్లబారి ఒరిగిపోయింది. చీరల కింద చాలావరకు నిలిచింది. నాన్న చేతులు జోడిస్తే ఆమె తెల్లబారిన వైపే చూస్తూ, "ఒక్క రోజు ముందు తెలిసుంటే ఇంకిన్ని చీరలు దొరికేవి, అది గూడ దక్కేది" అంది. నా బోటనీ రికార్డులో బతికినదాన్నే కాదు, చచ్చినదాన్ని కూడా రాయమని నాతో చెప్పింది.

ఇప్పుడు ఖమ్మంలో నేను అదే పాఠం చెబుతున్నాను. ఆ మడి ముచ్చట చెప్పకుండా పాఠం ముందుకు సాగదు.

ఆ నాలుగో రోజు సాయంత్రం మేడం తిరిగి వెళ్లాల్సిన బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ విజిల్ వేస్తున్నాడు. మేడం మాత్రం చెప్పులు ఒక చేత పట్టుకుని, రోడ్డు పక్క నీళ్ల గుంటలోకి వంగి, మా మడిలోంచి కాలేజీకని తీసి పాత పేపర్లో చుట్టిన పిడికెడు నారు వేళ్లను నింపాదిగా తడుపుతోంది.